ఇండియానాపోలిస్ ల్యాప్ రికార్డును అలాగే ఉండనివ్వాలి

1996 మే 12వ తేదీన అమెరికాలోని ఇండియానాపోలిస్ మోటర్ స్పీడ్‌వేలో నెదర్లాండ్స్ దేశస్థుడైన ఆరీ లైండైక్ రెండున్నర మైళ్ళ ట్రాకును 37.895 సెకన్లలో చుట్టివచ్చాడు. ఆ వేగం గంటకు 237.498 మైళ్ళు, అంటే దాదాపు 382 కిలోమీటర్లు. ఇండియానాపోలిస్ 500 పందెంలో చోటు దక్కాలంటే వరసగా నాలుగు చుట్లు తిరిగి వాటి సగటును చూపించాలి కాబట్టి ఆ నాలుగు చుట్ల సగటుకు రికార్డు పుస్తకంలో విడిగా ఒక వరస ఉంటుంది. అక్కడా అతని పేరే, 236.986 మైళ్ళు. ఆ తరవాత కార్లు మారాయి, ఇంజన్లు మారాయి, స్పీడ్‌వే యాజమాన్యమే చేతులు మారింది గాని ఈ రెండు అంకెలు మారలేదు. ఏటా మే నెలలో క్వాలిఫయింగ్, అంటే ఆ అర్హత చుట్లు, దగ్గరపడేసరికి అభిమానుల్లో ఒకే చర్చ మొదలవుతుంది: ఈ రికార్డు ఎప్పుడు బద్దలవుతుంది, ఇంజన్లకు ఇంకొంచెం శక్తి ఇచ్చి దాన్ని బద్దలు కొట్టనివ్వవచ్చు కదా అని.

నేను ఈ కోరికతో ఏకీభవించను. రికార్డులంటే నాకు గౌరవం లేక కాదు, ఈ ట్రాకు చరిత్రలో వేగాలు ఎలా పెరుగుతూ వచ్చాయో ఏళ్ళ తరబడి చదివిన మీదటే ఈ అభిప్రాయానికి వచ్చాను. ఇక్కడ ప్రతి రికార్డు వెనుకా ఇద్దరి పోరు ఉంది: వేగానికి హద్దు గీసే నిబంధనకర్త ఒకడు, ఆ హద్దులో సందు వెతికే ఇంజనీరు మరొకడు. డ్రైవరు తన ప్రాణాన్ని పణంగా పెట్టి ఆ ఇంజనీరు వాదనను రుజువు చేసేవాడు. ఇవాళ ఆ పోరు లేదు. కారు ఏ కంపెనీది కావాలో, గాలి సాయంతో దాన్ని నేలకు అదిమే రెక్క ఎంత కోణంలో వంగవచ్చో, టర్బో ఇంజన్‌లోకి ఎంత ఒత్తిడితో గాలిని నెట్టాలో అన్నీ నిర్వాహకులే నిర్ణయిస్తున్నప్పుడు, రేపు లైండైక్ అంకె చెరిగిపోతే అది ఒకరు గెలుచుకున్నది కాదు, ఇంకొకరు ఇచ్చినది అవుతుంది. నా అభ్యంతరం అక్కడే.

ముందు ట్రాకు సంగతి చెప్పుకోవాలి, ఎందుకంటే దాని కొలతలు తెలియకపోతే ఈ వేగాల అర్థం తెలియదు. కార్ల్ ఫిషర్, జేమ్స్ ఆలిసన్, ఆర్థర్ న్యూబీ, ఫ్రాంక్ వీలర్ అనే నలుగురు వ్యాపారులు ఇండియానాపోలిస్ నగరానికి వాయవ్యంగా ఉన్న పొలాలను కొని 1909లో దీన్ని కట్టించారు. అప్పట్లో ఆ ఊరు మోటారు కార్ల తయారీకి పెద్ద కేంద్రం. కొత్త కార్లను పూర్తి వేగంతో నడిపి చూసుకోవడానికి చోటు కావాలన్నది ఫిషర్ ఆలోచన. ఓవల్ అని పిలుస్తాం గాని నిజానికి ఇది మూలలు గుండ్రంగా చెక్కిన దీర్ఘచతురస్రం. పొడవాటి తిన్నని భాగాలు రెండు, ఒక్కొక్కటి ఎనిమిదింట అయిదు వంతుల మైలు. పొట్టివి రెండు, ఒక్కొక్కటి మైలులో ఎనిమిదో వంతు. నాలుగు మలుపులు, ఒక్కొక్కటి పావు మైలు. మలుపుల వాలు 9 డిగ్రీల 12 నిమిషాలు. 1909లో గీసిన ఈ రూపమే నేటికీ ఉంది. డేటోనా, టాలడీగా వంటి ట్రాకులలో మలుపుల వాలు 30 డిగ్రీలు దాటుతుంది కాబట్టి అక్కడ రోడ్డే కారును పట్టి ఉంచుతుంది. ఇక్కడ అలా కాదు.

ఆ తేడా ఎంతో తెలుసుకోవడానికి నేను కాగితం మీద లెక్క వేసి చూసుకున్నాను. పావు మైలు పొడవున తొంభై డిగ్రీలు తిరిగే మలుపుకు వ్యాసార్ధం సుమారు 256 మీటర్లు. ఆ మలుపులో తొమ్మిది డిగ్రీల వాలు ఒక్కటే, టైర్ల పట్టు ఏమాత్రం లేకుండా, కారును దారిలో ఉంచగల వేగం గంటకు దాదాపు 73 కిలోమీటర్లు. 1909 నాటి కార్లకు అది గణనీయమైన సాయం. అదే మలుపును గంటకు 370 కిలోమీటర్ల వేగంతో తిరిగితే కారును బయటి గోడ వైపు లాగే బలం దాని బరువుకు నాలుగు రెట్లు దాటుతుంది. డ్రైవర్లు ట్రాకు వెడల్పునంతా వాడుకుని మలుపును కొంత విశాలం చేసుకుంటారు కాబట్టి నిజంలో అది కాస్త తగ్గుతుంది, కానీ వాలు చేసే సాయం ఆ మొత్తంలో లెక్కలోకి రానంత చిన్నది. మిగిలినదంతా టైర్లు, ఆ టైర్లను నేలకు అదిమిపట్టే గాలి మోయాలి. అందుకే ఇండియానాపోలిస్‌లో మలుపు తిరగడమంటే గాలిని నమ్ముకోవడం. ఆ గాలి కారు కిందికి తప్పు దిశలో దూరిన క్షణం ఏమవుతుందో తరవాత చెబుతాను.

ఈ మలుపుల బలం మన దేశపు డ్రైవరు ఒకరి జీవితంలోనూ ఒక పేజీ రాసింది. 2000 నుంచి 2007 వరకు అమెరికా ఫార్ములా వన్ గ్రాండ్ ప్రీ ఇక్కడే జరిగేది; ఓవల్ మొదటి మలుపును ఎదురు దిశలో వాడుకుంటూ, మిగతా దారిని లోపలి మైదానంలో వేశారు. 2005లో మిషెలిన్ టైర్లు ఆ వాలు మలుపు ఒత్తిడికి తట్టుకోలేవని శుక్రవారం ప్రాక్టీసులోనే తేలింది. ఆదివారం పందెం మొదలయ్యే ముందు తిరిగే ఫార్మేషన్ ల్యాప్ పూర్తి కాగానే ఆ టైర్లు వాడే 14 కార్లూ పిట్లలోకి, అంటే టైర్లు మార్చి మరమ్మతులు చేసే చోటికి, వెళ్ళిపోయాయి, ఆరు కార్లు మాత్రమే పందెంలో దిగాయి. కోయంబత్తూరుకు చెందిన నారాయణ్ కార్తికేయన్ జోర్డాన్ కారులో నాలుగో స్థానంలో వచ్చి, ఫార్ములా వన్‌లో పాయింట్లు పొందిన మొదటి భారతీయుడయ్యాడు. ఆ పాయింట్లను చిన్నచూపు చూసేవారితో నాకు పేచీ ఉంది: ఆ మలుపును ఓడించే టైరు తెచ్చుకోవడం కూడా పందెంలో భాగమే.

తిరిగి 1909కి వస్తాను. ఆగస్టులో జరిగిన మొదటి కార్ల పందేలకు ట్రాకు మీద పరిచినది కంకర, తారు. ఆ మూడు రోజులలో అది ముక్కలై లేచిపోయింది. ఇద్దరు ప్రేక్షకులతో సహా అయిదుగురు మరణించారు. ఫిషర్ ముందు రెండే దారులున్నాయి, ట్రాకును మూసెయ్యడం లేదా దాని ఉపరితలాన్ని పూర్తిగా మార్చడం. అతడు 63 రోజులలో 32 లక్షల ఇటుకలు పరిపించాడు. 'బ్రిక్‌యార్డ్' అనే పేరు అలా వచ్చింది. ఇటుకలన్నింటినీ క్రమంగా తారు కప్పేసి, 1961 నాటికి ముగింపు గీత దగ్గర ఒక గజం వెడల్పు పట్టీ మాత్రమే మిగిలింది. నేను ఇక్కడ గమనించమంటున్నది ఇది: ఈ ట్రాకు మొదటి సంవత్సరంలోనే మరణాలకు జవాబుగా తన నేలనే మార్చుకుంది. తరవాతి చరిత్ర అంతా ఆ జవాబుకు కొనసాగింపే.

1911లో మొదటి 500 మైళ్ళ పందేన్ని రే హరూన్ గెలిచాడు. సగటు వేగం 74.602 మైళ్ళు, పట్టిన సమయం ఆరు గంటల 42 నిమిషాలు. అతని పసుపుపచ్చని మార్మన్ వాస్ప్ స్పీడ్‌వే మ్యూజియంలో ఉంది; పక్కన మెకానిక్‌ను కూర్చోబెట్టుకోకుండా, వెనక వచ్చేవారిని చూడటానికి అద్దం బిగించుకున్న కారు అది. ఆ తరవాతి మైలురాళ్ళు ఈ ట్రాకు పొడవు వల్ల చాలా అందంగా అమరాయి. రెండున్నర మైళ్ళ చుట్టును గంటకు 100 మైళ్ళతో తిరిగితే సరిగ్గా 90 సెకన్లు, 150 మైళ్ళతో అయితే 60 సెకన్లు, 200 మైళ్ళతో అయితే 45 సెకన్లు. మొదటి హద్దును 1919లో ఫ్రెంచి డ్రైవరు రెనే తొమా 104.78 మైళ్ళతో దాటాడు. రెండోది 1962లో పార్నెల్లి జోన్స్ 150.370 సగటుతో దాటాడు. మూడోదాన్ని 1977లో టామ్ స్నీవా దాటాడు. 43 ఏళ్ళు ఒక మెట్టుకు, 15 ఏళ్ళు ఇంకో మెట్టుకు.

కానీ ఆ 43 ఏళ్ళు ఏకధాటిగా పెరిగిన వేగం కాదు, రికార్డుల పట్టికను మాత్రమే చూసేవారికి తెలియనిది ఇదే. 1928లో లియాన్ డ్యూరే ముందు చక్రాలతో నడిచే మిల్లర్ కారులో 122.391 మైళ్ళ సగటు చూపించాడు. ఇంజన్ పరిమాణం ఒకటిన్నర లీటర్లు మాత్రమే, దానిలోకి గాలిని బలంగా నెట్టడానికి సూపర్‌ఛార్జర్. అంత చిన్న ఇంజన్ నుంచి అంత శక్తి రాబట్టిన హ్యారీ మిల్లర్ పనితనాన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. 1930లో నిబంధనలు మారాయి: సూపర్‌ఛార్జర్లపై ఆంక్ష, పెద్ద ఇంజన్లకు అనుమతి, పక్క సీట్లో మెకానిక్ తప్పనిసరి. ఖర్చు తగ్గి మామూలు కార్ల తయారీదారులు మళ్ళీ రావాలన్నది ఉద్దేశం. దానితో డ్యూరే రికార్డు 1937 వరకు చెక్కు చెదరలేదు. తొమ్మిదేళ్ళ పాటు డ్రైవర్లలో ధైర్యం తగ్గిందా? ఎవరూ అలా అనలేదు. నిబంధన మారింది గనుక అంకె ఆగింది, అంతే. ఇప్పటి రికార్డు నిలిచిపోవడాన్ని ఒక లోటుగా భావించేవారు ఈ సంఘటనను గుర్తు చేసుకోవాలి.

యుద్ధకాలంలో స్పీడ్‌వే మూతపడి కలుపు మొక్కలతో నిండిపోయింది. అప్పటి యజమాని, మొదటి ప్రపంచ యుద్ధంలో పేరు పొందిన వైమానికుడు ఎడీ రికెన్‌బ్యాకర్. మూడుసార్లు విజేత అయిన విల్బర్ షా చొరవ తీసుకోగా, టెర్రె హోట్ వ్యాపారి టోనీ హల్మన్ 1945లో ఏడున్నర లక్షల డాలర్లకు కొని దాన్ని నిలబెట్టాడు. ఆ తరవాతి పదిహేనేళ్ళు ముందు భాగంలో ఇంజన్ ఉండే రోడ్‌స్టర్ల కాలం. 1961లో జాక్ బ్రాభమ్ వెనక ఇంజన్ ఉన్న చిన్న కూపర్ కారును తీసుకువచ్చి తొమ్మిదో స్థానంలో ముగించాడు. 1965లో జిమ్ క్లార్క్ లోటస్‌తో 200 చుట్లలో 190 చుట్లు ముందుండి గెలిచాడు. నాలుగేళ్ళలో ఒక తరం కార్లు పాతబడిపోయాయి. ఇంజనీరు నిబంధనల్లో ఎవరూ చూడని సందును చూడటమంటే ఇది.

అయితే నా వాదనకు అసలు కేంద్రం 1971 నుంచి 1974 వరకు గడిచిన కాలం. 1971లో పోల్ స్థానం, అంటే అర్హత చుట్లతో దక్కే ముందు వరస మొదటి స్థానం, పీటర్ రెవ్సన్‌ది, 178.696 మైళ్ళు. 1972లో కారు శరీరంతో కలిసి ఉండాలన్న షరతు లేకుండా విడిగా బిగించే రెక్కలకు అనుమతి దొరికింది. డాన్ గర్నీ సంస్థ తయారు చేసిన ఈగిల్ కారులో బాబీ అన్సర్ 195.940 మైళ్ళు తిరిగాడు. ఒక్క సంవత్సరంలో 17 మైళ్ళకు పైగా పెరుగుదల. ఇంజన్ శక్తి కూడా పెరిగింది నిజమే గాని ఆ శక్తిని మలుపులోనూ వాడుకోనిచ్చింది రెక్క. 1973లో జానీ రూథర్‌ఫర్డ్ 198.413 సగటుకు చేరుకున్నాడు, ఒక చుట్టును 199.071తో తిరిగాడు. అందరి కళ్ళూ 200 అనే అంకె మీదే ఉన్నాయి.

ఆ మే నెలలో జరిగినది వేరు. ప్రాక్టీసులో ఆర్ట్ పోలార్డ్ మరణించాడు. పందెం రోజున ఆరంభంలోనే జరిగిన ప్రమాదంలో మండుతున్న ఇంధనం ప్రేక్షకుల మీద పడింది. వాన వల్ల పందెం రోజుల తరబడి వాయిదా పడి మళ్ళీ మొదలయ్యాక స్వీడ్ సావేజ్ కారు గోడను ఢీకొని ముక్కలై మండిపోయింది. అతడు కొన్ని వారాల తరవాత ఆసుపత్రిలో చనిపోయాడు. అతని వైపు పరుగెత్తిన తోటి జట్టు కుర్రాడు అర్మాండో టెరాన్‌ను పిట్ దారిలో ఎదురు దిశలో వస్తున్న అగ్నిమాపక వాహనం ఢీకొట్టింది. చివరికి పందేన్ని 332.5 మైళ్ళ దగ్గర ఆపేసి గోర్డన్ జాన్‌కాక్‌ను విజేతగా ప్రకటించారు. 1974కల్లా రెక్కల కొలత తగ్గించారు, కారులో మోసుకెళ్ళే ఇంధనాన్ని 40 గ్యాలన్లకు కుదించారు, టర్బో ఒత్తిడి హద్దు దాటితే వదిలేసే పాప్-ఆఫ్ వాల్వులు తెచ్చారు. ఆ ఏడాది డ్రైవరు ఏ.జె. ఫోయిట్ పోల్ వేగం 191.632. అంటే రెండు వందల మైళ్ళ మైలురాయికి ఒక మైలు కూడా దూరం లేనప్పుడు ఈ క్రీడ తనంతట తానే వెనక్కి అడుగు వేసింది. ఈ ట్రాకు చరిత్రలో నాకు అన్నిటికన్నా గౌరవం కలిగించే అంకె ఏదైనా ఉంటే, అది ఆ 191.632.

ఆ మైలురాయి 1977 మే 14న వచ్చింది. ట్రాకుకు కొత్తగా తారు వేశారు, టామ్ స్నీవా పెన్స్కే జట్టు మెక్‌లారెన్ కారులో మొదటి రెండు చుట్లను 200.401, 200.535 మైళ్ళతో పూర్తి చేశాడు. ఆ రోజుల్లో మైకు దగ్గర ఉన్నది టామ్ కార్నెగీ. 1946 నుంచి 2006 వరకు అరవై ఏళ్ళ పాటు స్పీడ్‌వేలో వినిపించిన గొంతు. కొత్త ట్రాక్ రికార్డు నమోదైందని అతడు సాగదీసి ప్రకటించినప్పుడు స్టాండ్లలోని జనమంతా లేచి అరిచేవారు. పాత రికార్డింగులు వింటే ఆ ఉత్సాహం ఇప్పటికీ ఒళ్ళు జలదరింపజేస్తుంది. రికార్డు కావాలని కోరేవారు నిజానికి కోరుతున్నది ఆ క్షణాన్ని అని నాకు తెలుసు, ఆ కోరికను నేను తక్కువ చేయను. ఎనభైలలో అది దాదాపు ఏటేటా దక్కింది: 1982లో రిక్ మియర్స్ 207.004, 1984లో స్నీవా 210.029, 1986లో మియర్స్ 216.828, 1989లో మళ్ళీ అతడే 223.885. అయితే 1982లో ఆ ఆనందం దక్కిన రోజునే, క్వాలిఫయింగ్ చుట్టుకు సిద్ధమవుతూ గోర్డన్ స్మైలీ మూడో మలుపు గోడకు నేరుగా ఢీకొని మరణించాడని కూడా గుర్తుంచుకోవాలి.

1992లో రాబర్టో గెరేరో 232.482 మైళ్ళకు చేర్చాడు. అదే నెలలో ప్రాక్టీసులో జోవీ మార్సెలో మరణించాడు, మూడుసార్లు ఫార్ములా వన్ చాంపియన్ అయిన నెల్సన్ పికే కాళ్ళు నుజ్జయ్యాయి. ఇక పందెం రోజున చలికి టైర్లు వేడెక్కక, ఆకుపచ్చ జెండా ఊపకముందే గెరేరో కారు జారి గోడకు తగిలింది. రికార్డు సాధించినవాడు పందెంలో ఒక్క చుట్టు కూడా తిరగలేదు. మరుసటి ఏడాదికల్లా మలుపుల లోపలి అంచును మార్చి కార్లు లోపలికి దూరకుండా చేశారు. 1993 పోల్ వేగం 223.967. మళ్ళీ అదే కథ: ఒక అంకె, ఒక విషాదం, ఒక నిబంధన. 1994లో పెన్స్కే జట్టు, ఇంజన్లు తయారుచేసే ఇల్మోర్ సంస్థ కలిసి పాత తరహా పుష్‌రాడ్ ఇంజన్లకు ఉన్న ప్రత్యేక సడలింపును పట్టుకుని వెయ్యి గుర్రాలకు మించిన శక్తి గల మెర్సిడెస్ ఇంజన్‌ను రహస్యంగా తయారు చేసుకుని గెలిచాయి. మరుసటి ఏడాదికి ఆ సందు మూసుకుపోయింది, ఆ జట్టు 1995లో అర్హతే సాధించలేకపోయింది.

1996 పరిస్థితి వీటన్నిటి కంటే విచిత్రమైనది. స్పీడ్‌వే అధిపతి టోనీ జార్జ్ ఇండీ రేసింగ్ లీగ్ అనే కొత్త సంస్థను పెట్టడంతో ప్రసిద్ధ జట్లలో ఎక్కువ భాగం విడిపోయి అదే రోజు మిషిగన్‌లో వేరే పందెం పెట్టుకున్నాయి. కొత్త లీగ్‌కు సొంత కార్లు 1997కు గాని రావు కనుక ఆ ఒక్క సంవత్సరం పాత టర్బో కార్లనే నడిపారు. దానికి తోడు 1995 శరదృతువులో ట్రాకుకు కొత్త తారు వేశారు. గుడ్‌ఇయర్, ఫైర్‌స్టోన్ టైరు కంపెనీల మధ్య పోటీ ఉధృతంగా ఉంది. నున్నని నేల, పట్టున్న టైరు, ఇక వాడబోని ఫార్ములా (కారుకూ ఇంజన్‌కూ పెట్టిన నిబంధనల కూర్పు), ఈ మూడూ ఒకే నెలలో కలిశాయి. లైండైక్ మొదటి రోజు చూపిన వేగం కారు బరువు కనీస పరిమితి కంటే ఏడు పౌండ్లు తగ్గిందని రద్దయింది. మరునాడు మళ్ళీ దిగి రికార్డు రాశాడు గాని, రెండో రోజు అర్హత పొందినవారు మొదటి రోజు వారి వెనకే నిలవాలి కనుక, పందేన్ని ఇరవయ్యో స్థానం నుంచి ఆరంభించాల్సి వచ్చింది. పోల్ 233.718తో స్కాట్ బ్రేటన్‌ది. అయిదు రోజుల తరవాత, మే 17న, ప్రాక్టీసులో వెనక కుడి టైరు గాలి పోయి బ్రేటన్ కారు రెండో మలుపులో గోడను ఢీకొంది. అతడు బతకలేదు. లైండైక్ రికార్డు అని మనం చెప్పుకునే ప్రతిసారీ, ఆ నెలలో పోల్ మీద నిలవాల్సిన మనిషి పందెం చూడలేదన్న సంగతి కూడా అందులో ఉంది.

1997లో టర్బోలు లేని నాలుగు లీటర్ల ఇంజన్లు వచ్చాయి. పోల్ మళ్ళీ లైండైక్‌దే, వేగం 218.263. అతని సగటు ఒక్క సంవత్సరంలో 18 మైళ్ళకు పైగా తగ్గింది. ఇప్పటి కారు 2012 నుంచి నడుస్తున్న డల్లారా, ఇంజన్ షెవర్లే లేదా హోండా వారి 2.2 లీటర్ల ట్విన్ టర్బో వీ6. క్వాలిఫయింగ్ రోజులకు బూస్ట్‌ను, అంటే టర్బో ఒత్తిడిని, కొంత పెంచుతారు. ఎంత పెంచాలో అందరికీ ఒకే అంకె నిర్వాహకులే చెబుతారు. ఈ హద్దుల లోపల కూడా 2022లో స్కాట్ డిక్సన్ 234.046, 2023లో ఆలెక్స్ పలో 234.217, 2024లో స్కాట్ మెక్‌లాఫ్లిన్ 234.220 సాధించారు. పోల్ దక్కించుకున్న వేగాలలో మెక్‌లాఫ్లిన్‌దే అత్యధికం. 2025లో హైబ్రిడ్ పరికరం బరువు చేరాక పోల్ 232.790కి దిగింది. మెక్‌లాఫ్లిన్ సగటుకూ లైండైక్ సగటుకూ తేడా చుట్టుకు అర సెకను కంటే తక్కువ, పది మైళ్ళ మీద ఒక సెకను 79 వందల వంతులు.

అంత చిన్న తేడాయే కదా, బూస్ట్‌ను ఇంకాస్త పెంచితే పోయేదేముంది అని నన్ను అడిగినవారున్నారు. సాంకేతికంగా వారు చెప్పేది నిజమే. ఆ మూడు మైళ్ళను ఒక మీట తిప్పి ఇవ్వవచ్చు. బౌండరీ తాడును పది గజాలు లోపలికి జరిపి, ఆ సాయంత్రమే అత్యధిక సిక్సర్ల రికార్డు బద్దలైందని ప్రకటిస్తే క్రికెట్ చూసేవాడికి ఏమనిపిస్తుందో నాకు అదే అనిపిస్తుంది. 1972లో అన్సర్ రికార్డు గర్నీ సంస్థ ఆలోచనది. 1928 రికార్డు మిల్లర్ చేతిపనిది. 1996 రికార్డు కూడా, పరిస్థితులు కలిసొచ్చినా, ఎవరూ దాని కోసం నిబంధన రాయలేదు. అంకెను ముందే నిర్ణయించుకుని దానికి తగ్గట్టు శక్తిని కొలిచి ఇచ్చిన రోజున డ్రైవరు ధైర్యం ఏమీ తగ్గదు, కానీ ఆ అంకె చెప్పే కథ తగ్గిపోతుంది.

ప్రమాదం సంగతి కూడా అంత తేలిక కాదు. 2015లో కొత్త ఏరోడైనమిక్ భాగాలు వచ్చిన మే నెలలో ఈలియో కాస్త్రోనెవెస్, జోసెఫ్ న్యూగార్డెన్, ఎడ్ కార్పెంటర్ కార్లు వారం రోజుల లోపే ఒకదాని తరవాత ఒకటి గోడకు తగిలి, వెనక్కి తిరిగి, గాలిలోకి లేచి పల్టీ కొట్టాయి. ముందుకు పోతున్నప్పుడు కారును నేలకు అదిమే గాలి, కారు వెనక్కి తిరిగితే దాన్ని పైకి లేపుతుంది. ముగ్గురూ క్షేమంగా బయటపడ్డారు. మూడో ప్రమాదం జరిగిన ఉదయమే నిర్వాహకులు బూస్ట్ తగ్గించి, పందెం రోజున వాడే అమరికతోనే క్వాలిఫయింగ్ జరపాలని ఆదేశించారు. ఆ రోజు టికెట్టు కొన్నవారిలో కొందరికి నిరాశ కలిగి ఉండవచ్చు. నా దృష్టిలో అది 1974 నాటి నిర్ణయానికి సరిసమానమైన పని.

ఇప్పటి ట్రాకు, ఇప్పటి కార్లు 1996 నాటి కంటే ఎంతో సురక్షితమైనవన్న వాదనను నేను ఒప్పుకుంటాను. నెబ్రాస్కా విశ్వవిద్యాలయ పరిశోధకులు రూపొందించిన సేఫర్ గోడ, అంటే కాంక్రీటు ముందు నురుగు దిమ్మెలూ వాటి ముందు ఉక్కు గొట్టాలూ ఉన్న గోడ, 2002 మే నెలలో మొదట ఇక్కడే నిలబెట్టారు. తలను వెనక్కి పట్టి ఉంచే హాన్స్ పట్టీ వచ్చింది, డ్రైవరు తల ముందు పారదర్శకమైన ఏరోస్క్రీన్ వచ్చింది. కానీ ఆ రక్షణలన్నీ ఎన్నడో జరిగిన మరణాలకు జవాబుగా వచ్చినవి. వాటిని కొత్త వేగానికి పెట్టుబడిగా లెక్కగడితే, వాటి కోసం చెల్లించిన ధరను రెండోసారి ఖర్చు పెట్టినట్టే. 2011 మే నెలలో ఇక్కడ గెలిచి, ఇప్పటి కారును తొలి దశలో పరీక్షించిన డాన్ వెల్డన్ అదే అక్టోబరులో లాస్ వేగస్ ఓవల్‌పై మరణించాడు. ఆ కారు పేరు డీడబ్ల్యు12 అతని పేరు మీదే పెట్టినది.

ఒక చుట్టు వేగానికీ పందేనికీ సంబంధం ఎంత తక్కువో కూడా చూడాలి. రికార్డు రాసిన సంవత్సరంలోనే పందేన్ని గెలిచినవారు చాలా అరుదు. 1962లో జోన్స్ 120 చుట్లు ముందుండి బ్రేకులు పోయి ఏడో స్థానానికి పడిపోయాడు. 1972లో అన్సర్ కారు 31 చుట్లకే ఆగిపోయింది. 1977లో స్నీవా రెండోవాడు, 1996లో లైండైక్ పదహారోవాడు. 1988లో మియర్స్ 219.198తో రికార్డు రాసి, పందేన్నీ గెలవడం ఈ వరసలో మినహాయింపు. మరోవైపు, ఎవరూ పెద్దగా ఎదురుచూడని ఇంకో రికార్డు నిశ్శబ్దంగా మారుతూనే ఉంది. 500 మైళ్ళ మొత్తం సగటులో 1990 నాటి లైండైక్ అంకె 185.981ని 2013లో టోనీ కనాన్ 187.433తో దాటాడు, దాన్ని 2021లో కాస్త్రోనెవెస్ 190.690తో దాటి నాలుగోసారి విజేత అయ్యాడు. రెండు గంటల 37 నిమిషాల 19 సెకన్లు. కార్లు తక్కువగా ఢీకొన్నాయి, ప్రమాదమైతే వేగం తగ్గించమనే పసుపు జెండాలు తక్కువగా ఎగిరాయి, ఇంజన్లు చివరిదాకా నిలబడ్డాయి, పిట్ జట్లు తడబడలేదు. బూస్ట్ పెంచి ఇవ్వలేని రికార్డు ఇది.

స్పీడ్‌వే వారికి నేను చెప్పగలిగితే ఒకటే కోరతాను. ల్యాప్ రికార్డును ఒకే వరసలో, ఒకే పేరుతో ముద్రించడం మానెయ్యాలి. ప్రతి వేగం పక్కనా ఆ కారు ఫార్ములా, ఇంజన్ పరిమాణం, అనుమతించిన బూస్ట్, ట్రాకుకు చివరగా తారు వేసిన సంవత్సరం ఉండాలి. అప్పుడు 1928 దగ్గర డ్యూరే ఒకటిన్నర లీటర్ల సూపర్‌ఛార్జ్‌డ్ మిల్లర్ కనిపిస్తుంది, 1972 దగ్గర అన్సర్ ఈగిల్, 1996 దగ్గర లైండైక్ రేనార్డ్-ఫోర్డ్ కాస్వర్త్. 2012 తరవాతి కార్లకు మెక్‌లాఫ్లిన్ 234.220 విడిగా ఒక రికార్డుగా నిలుస్తుంది. 2024లో ఆ నాలుగు చుట్లు ముగిసినప్పుడు దాన్ని పోల్ వేగాలలో రికార్డుగా చెప్పుకున్నారు గాని ట్రాక్ రికార్డుగా కాదు. ఆ ఫార్ములాలో అంతకు ముందు ఎవరూ చేరని నాలుగు చుట్ల సగటు అది, మైకులో కొత్త రికార్డు అని నిండు గొంతుతో చెప్పదగినదే.